ఏడో నియమం

కిరండూల్,
4 ఫిబ్రవరి 2024

అత్తకి,

నువ్వు వెళ్ళి పదకొండు రోజులయింది. ఫోనులో నీకు వినపడదు, నేను గట్టిగా అరవలేను. ఇద్దరం "ఆఁ, ఆఁ" అనుకుని పెట్టేస్తున్నాం. అందుకే ఉత్తరం. స్టేషన్లో పాల్ అన్న దీన్ని విశాఖ పాసెంజరులో తెలిసినవాళ్ళకి ఇస్తానన్నాడు. కొత్తవలసలో నీకు అందేలోగా ఎన్ని చేతులు మారుతుందో. కవరు అతికించే ఇస్తున్నాను.

జయ వదిన ఎలా ఉంది? పురుడు ఎప్పుడన్నారు?

ఇక్కడ నాన్నకి ఈ వారం గనిలో రెండో షిఫ్టు. నేను బడి లైబ్రరీలో డ్యూటీకి వెళ్ళి వస్తున్నాను. చిక్కుడు పందిరి ఇంకా కాస్తోంది. సంత రోజున నీళ్ళకుండ నింపి అరుగు పక్కన పెట్టి, మీద చెంబు బోర్లించి వెళుతున్నాను. కొండ మీద నుంచి సంతకి తట్టలతో దిగే కోసి వాళ్ళు ఎప్పటిలాగే వస్తున్నారు. తిరిగొచ్చేసరికి అరుగు అంచున ఒక పిడికెడు చింతపండు ఉంటోంది.

మన వరసలో ఇరవై నాలుగు ఇళ్ళకీ ఒక సమితి పెట్టారు. మీనా ఆంటీ వాళ్ళాయన హరిబాబు అంకుల్ కార్యదర్శి. ఇళ్ళ ముందు భాగాలన్నీ ఒకేలా ఉండాలట. గడ్డి, సున్నం కొట్టిన రాళ్ళ హద్దు, రెండు పూలకుండీలు. ఉగాదికి పోటీ, బహుమతులు. నాన్న "సరే" అన్నాడు. నీ అరుగు మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు.

మీనా ఆంటీ నిన్ను అడిగింది. పిండి రుబ్బినప్పుడల్లా నీ వాటా కూడా తీసేస్తోందట, తర్వాత గుర్తొచ్చి నాకే ఇచ్చేస్తోంది.

నీ
అమ్ము


కొత్తవలస,
10 ఫిబ్రవరి

ఏటే అమ్మూ,

కవరు అందింది. అంచులు నలిగిపోయి, ఎవరో టీ గ్లాసు పెట్టినట్టు గుండ్రంగా మరక. అరకు దగ్గర పెట్టుంటారు, చల్లగా ఉంటుంది కదా.

జయ బాగుంది. డాక్టరమ్మ మార్చి నెలాఖరు అంటోంది. ఎనిమిదో నెలకే నడుం పట్టుకుని మహారాణిలాగ అరుస్తోంది. నాకు చెవుడు ఉండడం ఇప్పుడు మంచిదయింది.

ఇక్కడ చీర ఉతికితే ఎర్రనీళ్ళు రావడం లేదే. మన ఇనుప దుమ్ముకి అలవాటు పడ్డ చేతులకి ఉతికినట్టే లేదు.

గడ్డి పెంచాలన్నాడా హరిబాబు? మేస్తాడేటి? గోంగూర పీకి గడ్డి వేసే తెలివి ఎవరికొచ్చిందో అడుగు. పోనీ, వేసుకోనీ. అరుగు జోలికి రాకపోతే చాలు.

ఒక మాట చెబుతాను, గుర్తుంచుకో. కోసి వాళ్ళు పెట్టే పిడికెడు వద్దనకు. వద్దంటే మరింక ఆగరు. ఊరికే నీళ్ళు తాగి పోయే మనుషులు కాదు. ఇంకొకటి, కుండ నింపి బడికి పారిపోతే చాలదు. ఒక్క సంతకైనా ఎదురుగా కూర్చో. పుస్తకాలు ఎక్కడికీ పోవు. నేను బేగి వచ్చేస్తానని కోసికి చెప్పు.

రాత వంకరగా ఉంటే నవ్వుకో, పరవాలేదు.

గంగారత్నం అత్త


కిరండూల్,
27 ఫిబ్రవరి 2024
(పాల్ అన్నకి ఇవ్వలేదు)

అత్తా,

ఏడో నియమం నేను రాశాను.

మొదటి ఆరూ హరిబాబు అంకుల్ చెప్పారు. నా రాత బాగుంటుందని, హిందీ, ఇంగ్లీషు రెండూ వచ్చని నన్ను పిలిచారు. ఈ కాలనీలో ఇంతవరకు నన్నెవరూ దేనికీ పిలవలేదు. వాళ్ళ ముందుగదిలో కూర్చుని రాశాను. మీనా ఆంటీ టీ ఇచ్చింది. ఆరు అయ్యాక అంకుల్, "ఇంకేమైనా ఉందా అమ్మా? చదువుకున్నదానివి, నువ్వు చెప్పు" అన్నారు. ఊరికే అన్నారు. ఉందన్నాను. నోటితో చెప్పలేక రాసి చూపించాను. "ఇళ్ళ ముందు అరుగులు మొదలైన కట్టడాలు ఉండరాదు. బయటివారిని కూర్చోబెట్టరాదు."

ఆయన చదివి, "మీ మేనత్త..." అని ఆగారు. "నేను చెప్తాను" అన్నాను.

ఎందుకు రాశానో కూడా చెప్పాలి. ముందు వారం సంత రోజున లెక్కల టీచరు నన్ను స్కూటీ మీద దింపింది. కోసి, ఇంకో నలుగురు అరుగు మీద కాళ్ళు చాపుకుని ఉన్నారు. ఒకామె పొగాకు నమిలి మన గోడ వార ఉమ్మింది. టీచరు నవ్వుతూ, "మీవాళ్ళా?" అంది. "కాదు. ఎవరో. పొమ్మన్నా పోరు" అన్నాను. హిందీలో అన్నాను. కోసికి హిందీ వస్తుంది.

ఆమె నా వైపు చూడలేదు. చెంబు కడిగి బోర్లించింది. ఎప్పటిలాగే పిడికెడు చింతపండు పెట్టింది. తట్ట ఎత్తుకుని వెళ్ళింది. ఆ చింతపండు నేను పులుసులో వేయలేదు, పారేయనూ లేదు. సీసాలో ఉంది.

అరుగు లేకపోతే వాళ్ళు రారు. వాళ్ళు రాకపోతే నేనన్న మాట కూడా ఉండదు. అలా అనుకున్నాను.

అమ్ము


కిరండూల్,
27 ఫిబ్రవరి 2024

అత్తకి,

జయ వదిన నడుం నొప్పికి ఆముదం రాస్తున్నావా?

సమితి నియమాలు వచ్చాయి. ఏడు. అందరి చేతా సంతకాలు పెట్టించారు. ఏడో దాని ప్రకారం ఇంటి ముందు అరుగులు ఉండకూడదు. పదిహేను రోజులు గడువు ఇచ్చారు. నాన్న సంతకం పెట్టాడు. నేనేమీ చేయలేకపోయాను.

చిక్కుడు పందిరి కూడా తీసేశాం. చివరి కాయలు మీనా ఆంటీకి ఇచ్చాను.

ఉంటాను.
అమ్ము


కొత్తవలస,
6 మార్చి

అమ్మూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాం. మొదట నేను, తర్వాత జయ, మళ్ళీ నేను. ఎన్నిసార్లు చదివినా అదే ఉంది.

నువ్వేమీ చేయలేకపోయానని రాశావు. నువ్వేటి చేస్తావమ్మా, నోరు లేని గుంటవి. రెండో ఏట నుంచి పెంచాను, నాకు తెలీదేటి? బడిలో చాక్ పీసు అయిపోయిందని టీచరుకి చెప్పలేక ఏడ్చుకుంటూ ఇంటికొచ్చినదానివి. నీ మీద నాకు కోపం లేదు. నువ్వు ఏడవకు.

కోపం ఆ మొగుడూ పెళ్ళాల మీద. హరిబాబుకి గడ్డి తెలుసు గానీ అరుగు సంగతి తోచదు. అది మీనా చెప్పుంటుంది. లోపల ఒక చీటీ పెట్టాను, దానికి ఇవ్వు. చేతికే ఇవ్వు. నువ్వు చదివినా పరవాలేదు.

నేనొచ్చేదాకా ఎవర్నీ అరుగు ముట్టుకోనివ్వకు. గేటు దగ్గర నిలబడు. మాట్లాడక్కర్లేదు. నిలబడు చాలు.

అత్త

(లోపలి చీటీ)

మీనాకి, గంగారత్నం రాసేది. ఇరవై రెండేళ్ళు నీ పిండి, నా పప్పు వేరనుకోలేదు. కరెంటు పోతే నా అరుగు మీదే కూర్చుని నీ వికాస్‌కి పాలిచ్చావు. అది ఇప్పుడు నీ కంటికి అడ్డమైపోయిందా? నేను తిరిగొచ్చాక నా గుమ్మం తొక్కకు. నా వాటా పిండి తీయకు.


కిరండూల్,
15 మార్చి 2024

అత్తకి,

నీ ఉత్తరం అందేసరికి అరుగు లేదు. నాన్న సెలవు రోజున తనే పలుగు పట్టాడు. ఒక్క పూట కూడా పట్టలేదు. మట్టి తడిసి మెత్తగా ఉందట.

చీటీ మీనా ఆంటీ చేతికే ఇచ్చాను. నిలబడే చదివింది. మడిచి లోపల పెట్టుకుంది.

కుండ మాత్రం అక్కడే పెడుతున్నాను. కోసి వాళ్ళు రెండు సంతల నుంచి ఆగడం లేదు. నెత్తి మీద తట్టలతో అలాగే నడిచి వెళ్ళిపోతున్నారు. కోసి ఒకసారి గేటు దాకా వచ్చింది, కుండ వైపు చూసింది, వెళ్ళిపోయింది. కోపం వచ్చినట్టుంది.

వదినకి నొప్పులు మొదలైతే నాన్నకి ఫోను చేయించు.

అమ్ము


కొత్తవలస,
18 ఏప్రిల్

అమ్మూ,

జయకి ఆడపిల్ల. మూడు కిలోలు. మీ నాన్నకి ఫోను చేయించాం కదా, చెప్పే ఉంటాడు. పిల్ల గొంతు నాక్కూడా వినపడుతోందంటే చూసుకో.

మీ నాన్న మళ్ళీ నిన్న ఫోను చేసి "బహుమతి, బహుమతి" అని అరిచాడు. పిల్లకేదో పంపుతున్నాడనుకున్నాను. తీరా జయ విని చెప్పింది. ఉగాది నాడు తెలుగు సంఘం హాల్లో మన ముంగిలికి రెండో బహుమతి ఇచ్చారట. హాట్ బాక్సు. నువ్వే స్టేజీ ఎక్కి తీసుకున్నావట.

నాకు అర్థం కాలేదు. స్టేజీ ఎక్కమంటే జ్వరం తెచ్చుకునే గుంటవి. నిన్ను బలవంతం చేశారా? అలాగే అనుకుంటున్నాను. ఇంకోలాగ అనుకోవడం నాకు చేతకాదు.

మీనా దగ్గర నుంచి జవాబు లేదు. తప్పు చేసినవాళ్ళకి జవాబేటి ఉంటుంది?

ఒకటి మాత్రం రాయి. అరుగు రాళ్ళు ఏమయ్యాయి?

అత్త


కిరండూల్,
26 ఏప్రిల్ 2024

అత్తా,

ఫిబ్రవరిలో రాసి లైబ్రరీ పుస్తకంలో దాచిన ఉత్తరం ఒకటి దీనితో పంపుతున్నాను. ముందు అది చదువు. తర్వాత ఇది చదవాలనిపిస్తే చదువు.

నన్నెవరూ బలవంతం చేయలేదు. స్టేజీ మీద హరిబాబు అంకుల్, "నియమాలు రాసింది కూడా ఈ అమ్మాయే" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆ కాసేపు నాకు బాగుంది. ఇది కూడా నీకు తెలియాలి.

మీనా ఆంటీ తప్పేమీ లేదు. ఆ రోజు టీ ఇస్తూ నేను రాసింది చూసింది. నీ చీటీ చదివాక, "అత్తకి తెలీదా?" అని నన్ను అడిగింది. తల అడ్డంగా ఊపాను. "సరేలే" అంది. అంతే. నెలన్నర నుంచి నీ తిట్లు తన దగ్గర పెట్టుకుని ఊరుకుంది. నన్ను చూస్తే మామూలుగానే పలకరిస్తోంది. పిండి ఇవ్వడం మాత్రం మానేసింది. నువ్వు వద్దన్నావు కాబట్టి.

రాళ్ళు మన ముంగిట్లోనే ఉన్నాయి. గడ్డి చుట్టూ హద్దుగా పెట్టాం. నేనే సున్నం కొట్టాను. రెండు రోజులకోసారి ఇనుప దుమ్ము పడి ఎర్రబడతాయి, మళ్ళీ కొడతాను. బహుమతి వాటికే వచ్చింది. హద్దు చాలా చక్కగా ఉందన్నారు.

హాట్ బాక్సు అట్ట పెట్టెలోనే ఉంది.

నేను నోరు లేనిదాన్నని నువ్వు రాసినప్పుడే చెప్పాల్సింది. ఆ మాట వెనక దాక్కున్నాను. నన్ను క్షమించు. క్షమించకపోయినా ఉత్తరం రాయి.

అమ్ము


కొత్తవలస,
7 మే

అమ్మూ,

రెండు ఉత్తరాలూ అందాయి. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. జయ అడిగితే పంటి నొప్పి అన్నాను. నాకు ఉన్నవే ఆరు పళ్ళు.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. అన్నీ నువ్వే తిట్టేసుకున్నావు, నాకేటీ మిగల్చలేదు. నువ్వు నోరు లేనిదానివనుకున్నాను. నోరు లేనివాళ్ళు కాగితం మీద ఇంత పని చేయగలరని తెలియలేదు. అది నా తప్పే.

నన్ను క్షమించమన్నావు. అరుగు నాది కాదే. నేను మట్టి మెత్తాను, అంతే.

నేను మీ ఇంటికి వచ్చిన కొత్తలో కోసి గేటు పట్టుకుని నిలబడి నీళ్ళు అడిగేది. తట్ట నెత్తి మీదే ఉండేది. దింపి కూర్చోవే అంటే వద్దనేది. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు చెప్పింది. "నేల మీద దింపితే మళ్ళీ ఎత్తుకోవడానికి ఇంకో మనిషి కావాలి దీదీ. నేను ఒక్కదాన్నే వస్తాను కదా." నడుమెత్తున ఏదైనా ఉంటే దాని మీదకి జార్చి, మళ్ళీ దాని మీద నుంచే నెత్తికెత్తుకోవచ్చట. ఆ తర్వాత సంతకి తట్టలో చింతపండు కింద ఒక రాయి తెచ్చింది. వాళ్ళ వాగులోది. తర్వాత సంతకి ఇంకొకటి. వానలు పడేదాకా అలాగే తెచ్చింది. కొండ దిగి ఎంత దూరమో నీకు తెలుసా? నాకూ తెలీదు. నేనెప్పుడూ వెళ్ళలేదు.

అది కూర్చోడానికి కట్టింది కాదే. దింపుకోడానికి. కోపం వచ్చి ఆగడం లేదని రాశావు. కోపం కాదు. దింపే చోటు లేదు.

రాళ్ళు కోసివి. అడగాల్సింది దాన్ని.

మీనాకి ఇంకో చీటీ పెట్టాను. ఇది మాత్రం చదవకు. అది నా సిగ్గు, నీది కాదు.

పిల్లకి మూడో నెల వస్తే వస్తాను. అప్పటికి వానలు.

అత్త


కిరండూల్,
22 మే 2024

అత్తా,

చీటీ మీనా ఆంటీకి ఇచ్చాను. చదివి కొంగుతో ముఖం తుడుచుకుంది. లోపలికి వెళ్ళి మొదటి చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ అత్త అక్షరాలు కదా, పారేయబుద్ధి కాలేదు. ఇప్పుడు నువ్వు పారేయి" అంది. నాకూ పారేయబుద్ధి కాలేదు. దీనితో పంపుతున్నాను. సాయంత్రం పిండి గిన్నె వచ్చింది.

హరిబాబు అంకుల్‌కి చెప్పాను, ఏడో నియమం తీసేయమని. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. "అందరూ సంతకాలు పెట్టారమ్మా. ఇష్టమొచ్చినప్పుడు పెట్టి ఇష్టమొచ్చినప్పుడు తీస్తే అది నియమమెలా అవుతుంది? వచ్చే ఉగాదికి చూద్దాం" అన్నారు. హాట్ బాక్సు వాళ్ళ బల్ల మీద పెట్టి వచ్చాను. ఆయన వెనక్కి పిలిచారు. వినపడనట్టు నడిచాను. నీ దగ్గర నేర్చుకున్నాను.

నిన్న సంత. కుండ నింపి గేటు బయట నిలబడ్డాను. కోసి ఒక్కతే వచ్చింది. దాటిపోతుంటే "దీదీ" అన్నాను. ఆమె నిన్ను పిలిచే మాటే నోటికి వచ్చింది. ఆగింది. రెండు చేతులూ చాచి, "నేను దింపుతాను" అన్నాను. నన్ను పైనుంచి కిందకి చూసింది. నా చేతులు చూసి నవ్వింది. "పడేస్తావు" అంది.

పడేశాను. సగం దింపేసరికి తట్ట ఒరిగింది. మామిడికాయలు గేటులోంచి బహుమతి వచ్చిన గడ్డి మీదకి దొర్లాయి. ఇద్దరం వంగి ఏరాం. ఏరుతూ కోసి హద్దు రాయి ఒకటి చూసింది. గోటితో సున్నం గీకింది. కింద నల్లగా వచ్చింది. పక్కదీ గీకింది. తర్వాత ఏరడం మాని వరసగా అన్నిటి వైపూ చూసింది.

అప్పుడు చెప్పాను. రాళ్ళు పీకించింది అత్త కాదు, నాన్న కాదు, నేనని. ఆ రోజు స్కూటీ ఆమెతో అన్న మాట కూడా నాదేనని. నాకు గోండీ రాదు. పాతికేళ్ళుగా మన గేటుకి వచ్చే మనిషి భాష నాకు రాదు. అదే హిందీలో చెప్పాను, ఆ మాట అన్న హిందీలోనే.

"విన్నాను" అంది కోసి. "ఆ రోజే విన్నాను."

నీళ్ళు తాగింది. చెంబు కడిగి బోర్లించింది. నిన్ను అడిగింది, ఎప్పుడొస్తుందని. వానలకి అన్నాను. జయకి ఆడపిల్ల పుట్టిందంటే ముఖం విప్పారింది.

తట్ట ఎత్తడానికి నన్ను పిలవలేదు, నేనే వెళ్ళాను. ఈసారి పడలేదు. ఎంత బరువో అత్తా. అందులో రాయి కూడా లేదు.

వెళ్ళబోతూ కొంగు ముడి విప్పి పిడికెడు సారపప్పు తీసింది. పెట్టడానికి చోటు కోసం చూసింది. అరుగు ఉండే చోట గడ్డి ఉంది. సున్నం రాళ్ళ వైపు చూసింది, వాటి మీద పెట్టలేదు. పిడికిలి అలాగే పట్టుకుని కాసేపు నిలబడింది.

నేను చెయ్యి చాపితే పెట్టేదేమో. చాపలేకపోయాను. కొంగులో మళ్ళీ ముడివేసుకుని వెళ్ళిపోయింది.

వచ్చే సంతకి కూడా గేటు దగ్గరే ఉంటాను. తట్ట దింపడం ఇంకా సరిగా రాలేదు.

అమ్ము